ఎనిమిది రేవులా, నాలుగు రేవులా?

ప్రశ్న: మాది కాకినాడ. నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు బ్యాంకు ఉద్యోగం చేశారు. మా అమ్మాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటుంది. వచ్చే జూలైలో ముందు బాల్టిక్ సముద్రంలో ఓడ ప్రయాణం చేసి, తర్వాత మూడు వారాలు అమ్మాయి దగ్గర ఉందామని అనుకున్నాం. ఏజెంటు రెండు ఓడలు చూపించాడు. మొదటిది పది రాత్రులు. కోపెన్‌హాగన్‌లో ఎక్కి అక్కడే దిగాలి. మధ్యలో ఎనిమిది రేవులు: వార్నెమ్యుండె, గ్డినియా, క్లైపెడా, రిగా, టాలిన్, హెల్సింకి, స్టాక్‌హోమ్, విస్బీ. రెండోది ఏడు రాత్రులు. స్టాక్‌హోమ్‌లో ఎక్కి, ఆ రాత్రి రేవులోనే ఉండి, హెల్సింకి, టాలిన్, రిగా, విస్బీ చూసి కోపెన్‌హాగన్‌లో దిగాలి. మావారు టికెట్ డబ్బును రేవుల సంఖ్యతో భాగించి, ఒక్కో ఊరు మొదటి ఓడలోనే చవక అంటున్నారు. పైగా సెయింట్ పీటర్స్‌బర్గ్ ఎందుకు లేదని ఏజెంటుతో గొడవ. నాకేమో మోకాళ్ళ నొప్పులు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గంట కొడితే లేచాను, ఓడలో కూడా గంట కొడితే లేవాలా? మేం శాకాహారులం. బాల్కనీ గది దండగ అని ఆయన, కావాలని నేను. ఏం చేయమంటారు?

సమాధానం: రెండో ఓడ ఎక్కండి అమ్మా. ఇది మీ మోకాళ్ళ మీద జాలితో చెబుతున్న మాట కాదు, మీవారి భాగహారమే సరిచేసి చెబుతున్నాను. ఆయన డబ్బును రేవులతో భాగించారు. నేల మీద మీ కాలు నిలిచే గంటలతో భాగించి చూడమనండి.

మీరు పంపిన కాగితంలో మొదటి ఓడకు 'స్టాక్‌హోమ్' అని పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో నీనెస్‌హామ్న్ అని ఉంది, చూశారా? అది స్టాక్‌హోమ్ కాదు. దక్షిణాన దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడి నుంచి నగరానికి లోకల్ రైల్లో సుమారు గంట. ఓడ ఉదయం 8కి వచ్చి సాయంత్రం 5కి వెళ్ళిపోతుంది. దిగేటప్పుడు క్యూలో కొంతసేపు పోతుంది, రానూ పోనూ రైలు ప్రయాణం ఉంది, ఓడ కదలడానికి కనీసం అరగంట ముందు అందరూ లోపల ఉండాలి. తొమ్మిది గంటల్లో మీ చేతికి మిగిలేది అయిదు, మహా అయితే అయిదున్నర. రెండో ఓడ నిలిచేది స్టాడ్స్‌గోర్డెన్‌లో, అంటే నగరం మధ్యలోనే. పాత పట్నం గామ్లా స్తాన్‌కి అక్కడి నుంచి నడిచి పోవచ్చు. ఒక రాత్రి, రెండు పగళ్ళు మీవే.

జర్మనీ రేవు వార్నెమ్యుండె సంగతీ ఇంతే. ప్రకటనల్లో దాన్ని 'బెర్లిన్' అని రాస్తారు. బెర్లిన్ అక్కడి నుంచి ఒక వైపుకే సుమారు మూడు గంటలు. పొద్దున్నే బస్సెక్కి, బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర ఫొటో దిగి, రాత్రికి ఓడ చేరే టూరును మీ మోకాళ్ళకే కాదు, పాతికేళ్ళ కుర్రాళ్ళకు కూడా నేను చెప్పను. పైగా మీరు ఎలాగూ మూడు వారాలు జర్మనీలోనే ఉండబోతున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో నింపాదిగా వెళ్ళి రెండు రాత్రులు ఉండి బెర్లిన్ చూసుకోవచ్చు.

నష్టం మాట దాచను. మొదటి ఓడ వదులుకుంటే మీకు నిజంగా పోయేది పోలండ్ నగరం గ్డాన్‌స్క్. ఓడ ఆగే గ్డినియా నుంచి అది లోకల్ రైల్లో ముప్పావు గంట లోపే. 1939 సెప్టెంబరు 1న రెండో ప్రపంచ యుద్ధపు తొలి గుళ్ళు పేలిన వెస్టర్‌ప్లాటె అక్కడే ఉంది. 1980లో లేక్ వవెన్సా నాయకత్వంలో సాలిడారిటీ కార్మికోద్యమం పుట్టిన ఓడల కార్ఖానా కూడా అక్కడే. సోషల్ టీచరుకు అది చిన్న నష్టం కాదు. అయినా దానికోసం మిగతా పరుగంతా తలకెత్తుకోవడం దండగని నా ఉద్దేశం.

ఇక సెయింట్ పీటర్స్‌బర్గ్. ఏజెంటుతో గొడవ అనవసరం. ఒకప్పుడు బాల్టిక్ ఓడలకు ఆ నగరమే పెద్ద ఆకర్షణ. టూరుతో దిగే ప్రయాణికులు రష్యా వీసా లేకుండానే 72 గంటల దాకా ఉండగలిగేవారు. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య ఓడ కంపెనీలు ఆ రేవును తీసేశాయి. హెల్సింకి నుంచి వెళ్ళే రైలు కూడా ఆ ఏడాది మార్చిలోనే ఆగిపోయింది. మీవారు చూసిన వీడియోలు అంతకుముందువి అయి ఉంటాయి. అక్కడి హెర్మిటేజ్ మ్యూజియం చూడాలన్న కోరిక ఉంటే దాన్ని వేరే ప్రయాణంగా పెట్టుకోండి, దీనికి ముడిపెట్టకండి. ఈ ఓడలోనే ఆయనకు కొంత ఊరట దొరుకుతుంది లెండి. ఫిన్లాండ్ 1809 నుంచి 1917 దాకా రష్యా జార్ల ఏలుబడిలో ఉంది. హెల్సింకి సెనేట్ స్క్వేర్ ఆ కాలంలో కట్టిందే. మధ్యలో జార్ రెండో అలెగ్జాండర్ విగ్రహం ఇప్పటికీ నిలబడే ఉంది. టాలిన్‌లో అయితే జార్ పీటర్ ద గ్రేట్ తన భార్య కేథరీన్ కోసం 1718లో మొదలుపెట్టిన కాద్రియోర్గ్ భవనం ఉంది. ఊరి మధ్య నుంచి ట్రాములో వెళ్ళవచ్చు. జనం కూడా తక్కువే.

బాల్కనీ విషయంలో నా ఓటు మీకే. మామూలుగా బాల్టిక్ ప్రయాణానికి బాల్కనీ అంత అవసరమని చెప్పను. నార్వే ఫియోర్డ్‌లలోలా రోజంతా కొండల మధ్య పోయే దారి కాదిది. చాలా రాత్రులు చుట్టూ నీళ్ళే. కానీ మీ ఓడ రెండో రోజు సాయంత్రం స్టాక్‌హోమ్ నుంచి బయల్దేరుతుంది. ఆ నగరానికీ సముద్రానికీ మధ్య చిన్నా పెద్దా కలిపి సుమారు 30 వేల దీవులున్నాయి. వాటి మధ్య నుంచి ఓడ నెమ్మదిగా మూడు నాలుగు గంటలు నడుస్తుంది. జూలైలో అక్కడ తొమ్మిదిన్నర దాటితే గాని పొద్దుగూకదు. ఎర్ర రంగు కొయ్య ఇళ్ళు, చిన్న పడవలు, రాళ్ళ మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్న పిల్లలు, అన్నీ పలకరించేంత దగ్గరగా పోతుంటాయి. పై డెక్కు మీద అందరూ రెయిలింగు పట్టుకుని నిలబడి చూస్తారు. మీరు కూర్చుని చూడాలి కాబట్టి బాల్కనీకి పెట్టిన డబ్బు ఆ ఒక్క సాయంత్రమే సగం రాబట్టుకుంటారు. దీవులు రెండు వైపులా ఉంటాయి, కుడి గది దొరికిందా ఎడమదా అని బెంగ వద్దు. ఓడ పొడవులో మధ్యగా, మరీ పై అంతస్తు కాకుండా తీసుకోండి, ఊపు తక్కువ. కర్టెన్ సందుల్లోంచి తెల్లవారుజామున నాలుగింటికే వెలుగు వస్తుంది, కళ్ళకు కట్టుకునే పట్టీ ఒకటి పెట్టుకోండి.

ఊపు అన్నాను గాని, మరీ భయపడేంత ఉండదు. బాల్టిక్ దాదాపు అన్ని వైపులా నేల కమ్ముకున్న సముద్రం. పోటుపాట్లు దాదాపు లేవు. వేసవిలో కెరటాలు మామూలుగా చిన్నవే. ఎందుకైనా మంచిది, ప్రయాణపు వాంతులకు ఏ మాత్ర మీరు వాడే మందులతో పడుతుందో మీ డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. ఓడలో డాక్టరు ఉంటారు, ఫీజు మాత్రం గుండె గుభేల్‌మనేలా ఉంటుంది.

ఈ సముద్రం నీళ్ళు ఉప్పు బాగా తక్కువ. మహాసముద్రాల నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటే, స్టాక్‌హోమ్ దగ్గర ఆరేడు గ్రాములే. దీనివల్లే మీరు చూడబోయే వాటిలో అన్నిటికంటే గొప్పది మిగిలింది, వాసా. స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ కట్టించిన యుద్ధనౌక అది. రెండు వరుసల ఫిరంగులతో పైబరువు ఎక్కువైంది. 1628 ఆగస్టు 10న మొదటిసారి తెరచాప ఎత్తి, జనమంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా 1,300 మీటర్లు పోయి, గాలి విసురుకు ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి రంధ్రాల్లోంచి నీళ్ళు చొరబడి మునిగిపోయింది. 333 ఏళ్ళ తర్వాత 1961లో పైకి తీస్తే కొయ్య చెక్కు చెదరలేదు. చెక్కను తొలిచే ఓడపురుగు ఇంత తక్కువ ఉప్పులో బతకదు. కాకినాడ వాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు, చెక్క పడవలకు ఆ పురుగు ఏం చేస్తుందో మీ జాలరిపేటలో ఎవరినడిగినా చెబుతారు. ఇప్పుడు కనిపించే ఓడలో 98 శాతం అసలు చెక్కే. ఆ మ్యూజియానికి కనీసం మూడు గంటలు ఇవ్వండి. లిఫ్టులున్నాయి, కూర్చునే చోట్లున్నాయి. ఇదంతా నీనెస్‌హామ్న్ నుంచి అయిదు గంటల్లో వచ్చిపోయేవాళ్ళకు కుదరదు, వాళ్ళు గంటలో బయటికి వచ్చేస్తారు.

ఓడవాళ్ళు అమ్మే టూర్ల మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. మీ నాలుగు రేవుల్లో దేనికీ అవి తప్పనిసరి కావు. టాలిన్‌లో ఓడ దిగి పావుగంట ఇరవై నిమిషాలు నడిస్తే కోట గోడలున్న పాత పట్నం. నడక వద్దనుకుంటే టాక్సీ. చాలా ఊళ్ళలో కనిపించే బోల్ట్ టాక్సీ యాప్ పుట్టింది ఈ ఊళ్ళోనే. టాలిన్‌లో మీకు కష్టం గుట్ట మీది పాత పేట తూంపెయా. అన్ని వీధుల్లోనూ గుండ్రాళ్ళు పరిచి ఉంటాయి. టాక్సీలో తిన్నగా పైకి వెళ్ళి, అలెగ్జాండర్ నెవ్‌స్కీ చర్చి, కోహ్తుఓత్స దగ్గర ఊరంతా కనిపించే అరుగు చూడండి. దిగేటప్పుడు మెట్ల దారి కాకుండా పిక్ జాల్గ్ వీధి వెంట దిగండి. మోకాళ్ళకు ఎక్కుడు కంటే దిగుడే బాధ అని మీకు తెలుసు, కాబట్టి మరీ నొప్పనిపిస్తే మళ్ళీ టాక్సీయే. కింద టౌన్‌హాల్ చౌకులో 1422 నాటికే నడుస్తున్న మందుల షాపు ఉంది, ఇప్పటికీ మందులు అమ్ముతున్నారు.

హెల్సింకిలో మీరిద్దరూ ఒక పూట విడివిడిగా తిరగండి. తప్పేం లేదు, ఫోన్లున్నాయిగా. మీవారిని మార్కెట్ స్క్వేర్ నుంచి ఫెర్రీ ఎక్కించి సుఒమెన్‌లిన్నా దీవి కోటకు పంపండి. పావుగంట ప్రయాణం. 1748లో స్వీడన్ వాళ్ళు మొదలుపెట్టిన కోట, లోపలంతా ఎత్తుపల్లాలు. ఆయన లిస్టుకు తిండి. మీరు మాత్రం ఊడి లైబ్రరీకి వెళ్ళండి. ఫిన్లాండ్ తన స్వాతంత్ర్యానికి నూరేళ్ళయిన సందర్భంగా తనకు తాను ఇచ్చుకున్న కానుక అది. 2018 డిసెంబరులో, పార్లమెంటు భవనానికి ఎదురుగా తెరిచారు. టికెట్ లేదు. పై అంతస్తులో పుస్తకాల మధ్య మెత్తటి కుర్చీలు, కింద జనం కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు వాడుకుంటూ కనిపిస్తారు. ఏ గంటా కొట్టకుండా ఎంతసేపైనా కూర్చోండి. టీచరుగా మీకు కోట గోడల కంటే ఇదే నచ్చుతుందని నా అంచనా.

రిగాలో జెప్పెలిన్ అనే గాలి ఓడల పాత షెడ్లను తెచ్చి కట్టిన పెద్ద కూరగాయల బజారు, అల్బెర్త వీధిలో ముఖాలూ పువ్వులూ చెక్కిన ఇళ్ళ ముంగిళ్ళు చూస్తే చాలు. ఓపిక లేని రోజు ఓడలోనే ఉండిపోండి. రేవు రోజుల్లో ఓడంతా ఖాళీ, మంచి కుర్చీలన్నీ మీవే. విస్బీ చిన్న ఊరు, చుట్టూ మూడున్నర కిలోమీటర్ల మధ్యయుగపు గోడ. ఇంతకుముందు పెద్ద ఓడలు లోతు నీళ్ళలో ఆగితే చిన్న పడవల్లో దిగాల్సి వచ్చేది, మీ కాకినాడ యాంకరేజి రేవులో సరుకు బార్జీల మీద దింపినట్టు. 2018 నుంచి ఓడకట్ట ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

సొంతంగా తిరిగేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. ఓడ టూరులో వెళ్ళి ఆలస్యమైతే ఆ బాధ్యత ఓడవాళ్ళది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి ఊరికి మీ ఖర్చుతో పోవాలి. ఫిన్లాండ్, ఎస్తోనియా, లాత్వియా గడియారాలు స్వీడన్, డెన్మార్క్‌ల కంటే గంట ముందుంటాయి. ఫోను ఒక టైము, ఓడ ఇంకో టైము చూపించే చోటు ఇది. మీవారి చేతిగడియారాన్ని ఓడ టైముకే పెట్టించి, దాన్నే నమ్మండి. ఓడ రేవు దాటగానే ఫోన్లను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. సముద్రం మీద ఫోను ఓడ శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు చూసి టెన్షన్ పడాల్సి వస్తుంది.

తిండి గురించి అంత బెంగ అక్కర్లేదు. బుకింగ్ అప్పుడే 'ఇండియన్ వెజిటేరియన్, చేపలు కూడా తినం' అని రాయించండి. చేప తినేవాళ్ళను కూడా శాకాహారులనుకునే వెయిటర్లు ఉంటారు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడితే మర్నాటికి పప్పు, కూర చేయించి పెడతారు, పెద్ద ఓడల వంటగదుల్లో మనవాళ్ళు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. హెల్సింకిలో రై పిండి రేకులో అన్నం పెట్టి కాల్చిన కరేలియన్ రొట్టెలు తినండి, పైన గుడ్డు కలిపిన వెన్న రాస్తారు, మీకు పడకపోతే అది వద్దని చెప్పండి. ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ గట్టిగా ప్యాక్ చేసి తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేవడానికి ఐరోపా యూనియన్ ఒప్పుకోదు. ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె ఓడ ఎక్కేటప్పుడే తీసుకుని పక్కన పెట్టేస్తారు. బట్టల్లో గాలి దూరని జాకెట్, మెత్తటి అడుగున్న బూట్లు తప్పనిసరి. జూలైలో పగలు ఇరవై డిగ్రీల అటూ ఇటూ, డెక్కు మీద గాలికి ఇంకా చల్లన. ఓడలో ఒకటి రెండు రాత్రులు అందరూ సూట్లు, గౌన్లు వేసుకుని భోజనానికి వస్తారు. ఒక పట్టుచీర పెట్టుకోండి.

మీవారి లెక్కల పుస్తకంలో ఈ రెండూ రాయించండి. టికెట్ కాకుండా మనిషికి రోజుకు సుమారు 15 నుంచి 20 డాలర్లు టిప్స్ పేరుతో చాలా కంపెనీలు బిల్లులో కలుపుతాయి. మొదటి ఓడ పది రాత్రులు కాబట్టి అక్కడ ఇదీ ఎక్కువే. ఏజెంటు ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్, మాత్రం ఖర్చు కాదు, ఐటీ రిటర్నులో సర్దుకోవచ్చు. స్వీడన్‌లో నోట్ల అవసరం దాదాపు రాదు, టాయిలెట్‌కి కూడా కార్డే.

చివరగా వీసా. ఇక్కడే చాలామంది పొరబడతారు. మీరు పోయే దేశాలన్నీ షెంగెన్‌లోవే కాబట్టి ఒకటే వీసా చాలు. ఓడ స్వీడన్‌లో ఎక్కుతున్నాం గదా అని స్వీడన్‌కి దరఖాస్తు పెట్టమని ఏజెంటు అనవచ్చు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే పెట్టాలన్నది నియమం. మీరు మూడు వారాలు అమ్మాయి దగ్గర ఉంటారు కాబట్టి మీది జర్మనీ వీసా. అమ్మాయి ఆహ్వాన పత్రం, ఓడ బుకింగ్ రెండూ జతపరచండి. ప్రయాణ బీమా కనీసం 30 వేల యూరోలకు ఉండాలి, మీ వయసుకు ఇంకా పెద్దది తీసుకుంటేనే నయం. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలుండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి సంక్రాంతి వెళ్ళగానే ఆ పని మొదలుపెట్టండి. విమానం మాత్రం ఓడ కదిలే రోజుకు కాకుండా, దానికి రెండు రోజుల ముందే స్టాక్‌హోమ్ చేరేలా తీసుకోండి. సూట్‌కేసు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా ఓడ తప్పదు.